ముందుగా రుచి చూడవలెను

ఎండాకాలం సెలవుల్లో బడికి తాళం పడుతుంది గానీ పిల్లల కడుపులకు పడదని ప్రభుత్వం వారు ఎట్టకేలకు కనిపెట్టారు. అందుకని నెల్లికుదురు దగ్గరి ఒక తండా బడిలో ఉచిత వేసవి భోజనం పెట్టించారు. వారిని ఎంత పొగిడినా తక్కువే.

ఈ పథకంలో బంగారం లాంటి నియమం ఒకటుంది. వండినదాన్ని పెద్దవాళ్లు రుచి చూశాకే పిల్లలకు వడ్డించాలి. ఆ బరువు బడి కమిటీ ఛైర్మన్ భోజ్యా మీద పడింది. భార్య ఉపాధి హామీ కరువు పనికి పోయింది. కూతురు గీత పొద్దున ఒట్టి చాయ తాగి, పల్లెం పట్టుకొని ముందు వరసలో కూర్చుంది. గుడ్డు కూర పెడతారని తండ్రే ఆశపెట్టి తీసుకొచ్చాడు.

వంట చేసే గంగి గంటెడు కూర తీసి ఇచ్చింది. భోజ్యా దాన్ని నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. ప్రారంభోత్సవానికి మానుకోట నుంచి పెద్దసారు వస్తున్నారాయె. ఆయనకంటే ముందు తాను ముడితే కూర ఎంగిలి కాదూ?

"ఏందన్నా, గంటె పట్టుకొని గట్ల నిలవడ్డవ్?"

"సారు రావాలె గద చెల్లె. ఎంగిలైతది."

"పోరగాండ్ల పేగులు ఒర్లుతున్నయి. ఇనవడ్తలేదా?"

"జరంత ఆగు. తండా ఇజ్జత్ సంగతి."

సారు రైలు గేటు దగ్గర ఆగారు, తర్వాత ఒక సన్మానం దగ్గర ఆగారు. ఎండ మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చి పిల్లల వీపుల మీద కూర్చుంది.

చివరకు సారు దిగారు. ఆయన వెనక చిన్నసారు, ఆ వెనక ఇంకా చిన్నసారు, జీపు నడిపే ఓదెలు, ఫోటోలు తీసేవాడు. నియమం అందరికీ ఒకటే కనుక అందరూ రుచి చూశారు. ఉప్పు సంగతి తేలక కొందరు మళ్లీ చూశారు. గుడ్డు లోపలిదాకా ఉడికిందో లేదో పైనుంచి చెప్పలేం కదా, లోపలిదాకా పరీక్షించారు.

"పిల్లల ఆరోగ్యం విషయంలో రాజీపడే ప్రసక్తే లేదు!" అని పెద్దసారు మూతి తుడుచుకుంటూ ప్రసంగించారు. "రుచి చూస్తేనే ఇంత బాగుంది, ఇక తింటే ఎట్లుంటుందో!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది భోజ్యానే.

జీపు కదిలాక గంగి కూర గంజు వంచి చూపింది. "ఇగో అన్నా, ఇప్పుడు జూడు నీ రుచి."

అడుగున ఒట్టి పులుసు కదిలింది. గీత అన్నంలో అదే పడింది.

సాయంత్రం భోజ్యా జొన్నరొట్టె ముందు కూర్చోగానే గీత పల్లెం లాక్కుంది.

"ఆగు బాపు. ముందుగాల నేను రుచి జూడాలె."

రొట్టె అయిపోయేదాకా రుచి చూసింది. భోజ్యా కడుక్కున్న చెయ్యి కడుక్కున్నట్టే ఉండిపోయింది. నియమం నియమమే కదా.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. ముందు గంటెతో సారు, వెనక ఖాళీ పల్లాలతో పిల్లలు. చాయ బండి దగ్గర మనమూ చూశాం. "తండా పిల్లలైనా ఎంత బుద్ధిగా కూర్చున్నరో!" అని మెచ్చుకున్నాం. పొద్దుగూకాక మిర్చి బజ్జీలు అదే కాగితంలో కట్టించి ఇంట్లో పిల్లలకు తీసుకుపోయాం. దారిలో కొన్ని మాత్రం తగ్గాయి.

రుచి చూడాలి కదా.