కూటమికి ఎనిమిది సీట్లు

ఆ ఆదివారం పొద్దున త్రినాధరావు లేస్తూనే బొంబాయి రవ్వ వేయించడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఆయన ఇంటి ముందుగదిలో కూటమి తొలి సమావేశం. మధ్యంతర ఎన్నికల కోసం పొలాల వైపు పార్టీ ‘రైతు వెలుగు’, సముద్రం వైపు పార్టీ ‘కెరటం’ వారం కిందటే చేతులు కలిపాయి. అనకాపల్లిలో ఆఫీసుకి గది వెతుకుతున్నారని తెలిసి త్రినాధరావు తనే వెళ్ళి, అద్దె వద్దని మరీ ఇచ్చాడు. రాజకీయాల మీద మోజుతో కాదు. భార్య పోయాక ఆ ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. పోలింగు దాకా అయినా గుమ్మంలో నాలుగు జతల చెప్పులు కనబడాలని ఆయన ఆశ.

తీరా చూస్తే కుర్చీలు ఎనిమిదే తేలాయి. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషికి కూర్చునేదేదైనా సీటే. కెరటం నాయకుడు కన్నారావుకి ఫోన్ చేశాడు.

“బావా, సీట్లు ఎనిమిదే ఉన్నాయి. మీకు నాలుగు, ఆలకి నాలుగు. సర్దుకోవాల మరి.”

“నాలుగేటి? ఎవులు సెప్పేరు?”

“సెప్పీదేటి, నానే పంచేను.”

“ఆరుకి తగ్గితే నాను రాను బావా!”

రాను అన్న మాటకి త్రినాధరావు బెంబేలెత్తిపోయాడు. “ఆరూ నీకే, కోపం ఎట్టుకోకు” అని బతిమాలి, రైతు వెలుగు నాయకుడు దేవీప్రసాద్‌కి చేశాడు.

“బాబూ, ఆలకి ఆరు సీట్లిచ్చేసేను. మీకు రెండు. అందులో ఒకటి వీకు. మీరైతే పడిపోతారు.”

“నేను పడిపోతానా?”

“మొన్న మీకన్నా పెద్దాయనే పడిపోయేడు. కావాలంటే అద్దెకి తెత్తాను.”

“సీట్లు అద్దెకా!” ఫోన్ కట్టయింది.

మధ్యాహ్నానికి లోకల్ ఛానల్లో ‘కూటమిలో సీట్ల బేరం’ మోగిపోయింది. ఎలమంచిలి సెంటర్లో రెండు పార్టీల వాళ్ళూ ఒకరి దిష్టిబొమ్మ ఒకరు తగలబెట్టుకున్నారు. సూత్రధారి త్రినాధరావు అని టీవీ చెబుతుంటే, ఇంకెవరో అనుకుని త్రినాధరావు ఉప్మాలో జీడిపప్పు వేస్తున్నాడు.

సాయంత్రం నాయకులిద్దరూ మండిపడుతూ వచ్చారు.

“ఏ సీట్లు పంచావయ్యా?” అన్నాడు దేవీప్రసాద్.

“ఇయ్యే బాబూ” అని త్రినాధరావు కుర్చీలు చూపించాడు.

ఇద్దరూ ఆ కుర్చీలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టారు. గొడవ తీరిపోయింది కదా అని త్రినాధరావు సంబరంగా ప్లేట్ల కోసం లోపలికి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఎవరికి వారు అప్పటికే పెద్ద పార్టీలతో మాట్లాడేసుకున్నారట. కూటమి వదిలించుకునే దారి తెలీక చస్తున్నారట.

“బతికించేవు బావా!” అన్నాడు కన్నారావు.

నిలబడే ఉమ్మడి ప్రకటన రాసేశారు. కూటమి చీలడానికి త్రినాధరావే కారణమని అందులో ఉంది. కూటమి ఏకాభిప్రాయంతో చేసిన పని అదొక్కటే.

“ఉప్మా అయినా తినెళ్ళండి బాబూ.”

“ఇప్పుడు కలిసి తింటే బాగోదు” అన్నాడు దేవీప్రసాద్.

గది ఖాళీ అయ్యాక త్రినాధరావుకి ఏడుపొచ్చింది. అంతలో ఎవరో విలేకరి ఫోన్.

“మీరిప్పుడు ఏ పార్టీ అండీ?”

“మా ఇంటికి ఎవులొత్తే ఆల పార్టీ బాబూ. నువ్వొత్తావేటి? ఉప్మా ఉంది.”

విలేకరి నవ్వి పెట్టేశాడు.

పోలింగు దాకా ఆ ఇంటికి వచ్చింది ఓటరు స్లిప్పు ఒక్కటే, అదీ తలుపు కింద నుంచి.