ముందే అచ్చయిన శుక్రవారం

"మన బాలబాలికలు కేవలం అయిదు రోజుల్లో పన్నెండు దేశాల సంస్కృతులను ఔపోసన పట్టారు. శుక్రవారం నాటి సభలో మంత్రిగారు కంటతడి పెట్టారు. కరతాళధ్వనులు నాలుగు నిమిషాలపాటు ఆగకుండా మోగాయి."

మా మనవరాలు చదివే చిన్న బడి టర్మ్ ముగింపు పత్రికలో మొదటి పేజీ వార్త ఇది. ప్రూఫులు దిద్దింది నేనే కాబట్టి అందరికంటే ముందు గర్వపడే అవకాశం నాకు దక్కింది. ఆ రోజు సోమవారం.

తేదీల్లో తేడా ఏమీ లేదు. పత్రికను మంత్రిగారు ఆవిష్కరించేది శుక్రవారం. ప్రెస్సువాళ్ళకు మూడు రోజులు కావాలి. అందుచేత శుక్రవారం జరగబోయేదాన్ని సోమవారమే రాసేశారు. రాసింది మా విద్యాధికారిగారు. నేను కాస్త నసిగితే ఆయన నా భుజం తట్టారు.

"జరిగింది రాయడం ఎవరైనా చేస్తారు తాతగారూ. రాసింది జరిపించడం, అదీ అడ్మినిస్ట్రేషన్."

నేను డిగ్రీలో మూడేళ్ళు రాజనీతి శాస్త్రం చదివాను. పాలన అంటే ఏమిటో ఇంత క్లుప్తంగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆ వారమంతా బడిలో సంస్కృతి ఉరకలు వేసింది. మా మనవరాలు ఇంటికి రాగానే అడిగింది.

"తాతయ్యా, మా దేశంలో ఏం భాష మాట్లాడతారు?"

"మీది ఏ దేశమే?"

"ఆకుపచ్చ చొక్కా దేశం."

"దానికి పేరుంటుంది కదమ్మా."

"పేరు శుక్రవారం బోర్డు మీద రాసిస్తారంట. చొక్కా మాత్రం వచ్చేసింది."

ఆ చొక్కాలన్నీ కుట్టింది మా సందు చివరి టైలరమ్మ. రెండేళ్ళ క్రితం సముద్రం అవతలి దేశం నుంచి ఒక కుట్టుమిషనుతో, ఒక ఆడపిల్లతో వచ్చింది. మా ఆవిడ పోయాక నా చొక్కాల గుండీలు ఒక్కొక్కటే నన్ను వదిలి వెళ్ళిపోతుంటే, అడక్కుండానే పట్టుకుని కుట్టి పంపే మనిషి. పన్నెండు దేశాల పని మీద పడ్డ ఆ వారంలో కూడా నా గుండీలే ముందు కుట్టింది.

ఆమె కూతుర్ని బడిలో అందరూ కొత్తపాప అంటారు. నాలుగో క్లాసు. కొత్తపాపకు ఒకటే చిక్కు. పాత బడి నుంచి టీసీ లేదు. టర్మ్ ముగిసేలోగా తేకపోతే పై క్లాసులో సీటు లేదని, అప్పటిదాకా ఆగడం దేనికని, విద్యాధికారిగారు వారం ముందే రిజిస్టరులో పేరు కొట్టేశారు.

"ఆ బడి ఇప్పుడు లేదు సార్. కూలిపోయింది" అని టైలరమ్మ చెప్పుకుంది.

"కూలిపోయినట్టు ఆ బడి నుంచే ఒక కాగితం తెండి, చాలు. నేనేం రాక్షసుణ్ణి కాదు" అన్నారాయన.

పెద్ద టీచరమ్మ మాత్రం కొత్తపాపను వెనక బెంచీలో కూర్చోనిచ్చింది. "రిజిస్టరులో లేకపోతేనేం, గదిలో చోటుందిగా" అంది, అదీ అధికారిగారు దూరం వెళ్ళాక.

గురువారం పత్రికలు అచ్చయి వచ్చాయి. ఆఖరి పేజీ చూసుకుంటూ విద్యాధికారిగారు కుర్చీలోంచి లేచారు.

"చివరగా, మన బడి విదేశీ బాలిక తన మాతృభాషలో ప్రపంచశాంతి గీతం ఆలపించి సభను ఓలలాడించింది. ఇది ఎవరు రాశారు?"

"మీరే సార్" అంది పెద్ద టీచరమ్మ.

"ఆ పిల్ల పేరు కొట్టేసిందెవరు?"

"అదీ మీరే సార్."

ఆయన ఒక్క నిమిషం ఆలోచించారు. నాకు ఆశ పుట్టింది. "పేరు మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది కదండీ?" అన్నాను.

"తాతగారూ, కొట్టేసిన పేరు ఎక్కించాలంటే టీసీ కావాలి. అచ్చయిన వార్త మార్చాలంటే ప్రెస్సుకు మూడు రోజులు కావాలి. రెండూ లేవు. లెక్కల్లో లేని పిల్ల మంత్రిగారి ముందు పాడితే రేపు ఎవరు జవాబు చెప్తారు? కాగితాలన్నీ సక్రమంగా ఉన్న పిల్లే విదేశీ బాలికగా పాడాలి."

కాగితాలన్నీ సక్రమంగా ఉన్న పిల్ల దొరకడం కష్టం కాలేదు. ఆయన మేనకోడలు అయిదో క్లాసులోనే ఉంది. పాట నేర్పే బాధ్యత కొత్తపాప మీద పెట్టారు.

రిహార్సలు నేను కళ్ళారా చూశాను. అది సాయంత్రం కొండమీది మేకల్ని ఇంటికి పిలిచే పాట అని టైలరమ్మ నాతో చెప్పింది. మేకలకు శాంతి అవసరమే కాబట్టి పత్రికలో తప్పేమీ లేదని నేను సర్దుకున్నాను.

"అలా కాదు అక్కా. అక్కడ మెల్లగా తగ్గాలి. గట్టిగా అరిస్తే మేక పారిపోద్ది" అంది కొత్తపాప.

"మేకెక్కడుంది ఇక్కడ? మైకుంది. నేను ఇలాగే పాడతా" అంది మేనకోడలు. ప్రతి చరణం చివరా ఓ... ఓ... అని ఒక మెలిక కూడా సొంతంగా చేర్చింది.

విద్యాధికారిగారు తల ఊపారు. "అలాగే ఉంచు. ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ఎంత విదేశీయంగా ఉందో!"

శుక్రవారం రానే వచ్చింది. పన్నెండు దేశాలూ వరసగా నిలబడ్డాయి. ఆఖరి నిమిషంలో ఒక లోటు కనబడింది. మన దేశం బోర్డు పట్టుకునేవాళ్ళు లేరు. తళుకు చొక్కా లేని దేశం కాబట్టి ఏ పిల్లా ఒప్పుకోలేదు. వెనక తెర దగ్గర ఖాళీగా నిలబడ్డ కొత్తపాప చేతికి ఆ బోర్డు ఇచ్చేశారు.

మంత్రిగారు వరస వెంట నడుస్తూ ఆమె దగ్గర ఆగారు. "చూశారా, ఎంత నిటారుగా నిలబడిందో! రక్తంలో ఉండాలండీ ఇది" అన్నారు.

తర్వాత మేనకోడలు పాడింది. పాట అయిపోయింది. మంత్రిగారు చేతి గడియారం చూసుకుంటున్నారు. విద్యాధికారిగారు వినయంగా పత్రిక మొదటి పేజీ తెరిచి, రెండో వాక్యం మీద వేలు పెట్టారు.

"ఓహో, అలాగా" అని మంత్రిగారు రుమాలు తీసి కళ్ళు అద్దుకున్నారు. వెనకాల డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదారు. మేము చప్పట్లు మొదలుపెట్టాం. మూడో నిమిషంలో నా అరచేతులు మొద్దుబారాయి. పక్కనున్న ఆయన "మీరు ఆపండి, మీ వంతు కూడా నేనే కొడతా" అని రెట్టించిన వేగంతో కొట్టాడు. లోకంలో మంచివాళ్ళకు కొదవ లేదు.

ఏడుపు పూర్తయ్యాక మంత్రిగారు మైకు అందుకున్నారు. ఇది మాత్రం పత్రికలో లేదు.

"సముద్రాలు దాటి వచ్చిన ఈ చిట్టితల్లిని ఎవరైనా కాగితాలు అడిగితే నేను ఊరుకోను. పై క్లాసులో సీటు ఇస్తున్నాను. ఇది నా ఆర్డరు!"

నేను తెర వెనక్కి వెళ్ళేసరికి టైలరమ్మ సూది నోట్లో పెట్టుకుని ఉండిపోయింది. "బాబాయిగారూ, చిట్టితల్లి అంటే మా పిల్లేగా?" అంది.

"ఇంకెవరమ్మా" అన్నాను. నిజంగానే అన్నాను.

సెలవులు గడిచాయి. కొత్త టర్మ్ మొదటి రోజు తల్లీకూతుళ్ళతో నేనూ ఆఫీసుకు వెళ్ళాను. ప్యూను టైలరమ్మకు ఫ్యాను కింద కుర్చీ వేశాడు. విద్యాధికారిగారు ఆర్డరు తీసి చదివారు.

"మంత్రివర్యుల ఎదుట మాతృభాషలో పాడిన విదేశీ బాలికకు, ఎట్టి కాగితాలూ అడగకుండా, సీటు ఇవ్వవలెను. బాగుంది. కానీ ఆ రోజు ఈ అమ్మాయి పాడలేదే? మన దేశం బోర్డు పట్టుకుంది. ఫొటో కూడా ఉంది."

"అంటే సీటు మీ మేనకోడలికా అండీ?" అన్నాను.

"ఛ ఛ! మా పిల్లకు సీటు ఎప్పుడో ఉంది. ఇంకొకరి సీటు తినే వంశం కాదు మాది. ఒక పని చేద్దాం. ఈ అమ్మాయి ఆ పాట పాడితే, ఆ విదేశీ బాలిక ఈమేనని నేనే సర్టిఫై చేస్తాను. ఇంతకంటే న్యాయం ఉంటుందా?"

"ఉండదండీ. కానీ సరిగ్గా పాడిందో లేదో ఎవరు చెప్తారు?"

"ఈ ఊళ్ళో ఆ పాట మంత్రిగారి ముందు పాడిన అనుభవం ఒక్కరికే ఉంది" అని ఆయన గంట కొట్టారు. పక్క గదిలోంచి మేనకోడలు బిస్కెట్టు కొరుకుతూ వచ్చి కుర్చీలో కూర్చుంది.

కొత్తపాప తల్లి వైపు చూసి పాడింది. ఆ పాట అంత మెల్లగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. గుమస్తా టైపు కొట్టడం ఆపేశాడు. టైలరమ్మ కళ్ళు మూసుకుంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి.

పాట అయ్యాక విద్యాధికారిగారు మేనకోడలి వైపు తిరిగారు. "ఏమ్మా?"

"తప్పు పాడింది మామయ్యా. ఓ... ఓ... ఎక్కడా లేదు. మాటలు కూడా ఏదోలా అంది."

ఆయన ఫైలు తెరిచి 'ఉచ్చారణ సరిపోలలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశారు. చేతిరాత చాలా అందంగా ఉంటుంది.

"అయ్యా, ఆ పాట మీ అమ్మాయికి నేర్పిందే ఈ పాప కదండీ" అన్నాను.

"అదేగా నా బాధ తాతగారూ! రెండు నెలల సెలవుల్లో సొంత భాష ఇంతలా మరిచిపోయింది." ఆయన కలం మూసి, కొత్తపాప తల నిమిరారు. ఆ కంఠంలో నిజమైన జాలి పలికింది. "ఏడవకమ్మా. మా పిల్లకు శనివారాలు ఖాళీయే. ఇంటికి రా, నేర్పిస్తుంది."