ఇంటింటికీ చేరాల్సిన జబ్బు

జబ్బులకు మందులు డాక్టర్లు కనిపెడతారని మీరింకా నమ్ముతున్నారా? అయ్యో పాపం! మందులు కనిపెట్టేవి మోకాళ్ళు. అవీ నావి!

నిరుడు మా వదినకు క్యాన్సర్ వచ్చింది. అలాంటిలాంటిది కాదు, చాలా అరుదైనది. నగల షాపులో అరుదైనదంటే ధర పెరుగుతుంది. జబ్బుల్లో అరుదైనదంటే అడిగే నాథుడుండడు. మందుందా అంటే డాక్టరుగారు తల గోక్కుని, పరిశోధన జరగాలన్నారు. ఎప్పుడు జరుగుతుంది? విరాళాలొచ్చాక. అవెప్పుడొస్తాయి? విరాళాల కోసం పెట్టే పరుగులో మనం పరిగెత్తాక! ఎంత చక్కని ఏర్పాటో చూడండి. రోడ్డు వేయాలంటే పన్ను కడితే చాలు. వదిన బతకాలంటే మాత్రం ఆదివారం పూట నేను పెందలాడే లేచి నిక్కరు వేసుకోవాలి.

ఇందులో లాభాలు ఒకటా రెండా! టీషర్టు ఉచితం. ముందువైపు సిమెంటు కంపెనీ, టైర్ల కంపెనీ, పళ్ళ డాక్టరు ఫోను నంబరు. జబ్బు పేరు వెనకవైపు, నడుము దగ్గర. అది బారెడు పేరు కావడంతో సగం నా నిక్కర్లోకి పోయింది. పోనీండి, బయటున్న సగాన్ని మాత్రం ఎవరు పలకగలిగారు?

మనుషుల్లో మంచితనం కూడా ఈ పరుగుల్లోనే బయటపడుతుంది. వదినను స్కానింగుకు తీసుకెళ్ళాలి, ఒక్క పూట సెలవివ్వండి అంటే కసురుకున్న మా మేనేజరు, పరుగు రోజు నా భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడండీ! చెమటే కావచ్చు, మనకెందుకు?

ముఖ్య అతిథి మా వదినే. వేదిక మీద కూర్చోబెట్టారు. ఫొటోగ్రాఫరు కెమెరా దించి, "కొంచెం నీరసంగా చూడండి మేడమ్, పేషెంటులా లేరు" అన్నాడు.

"నిన్న వచ్చుంటే బోలెడంత నీరసం చూపించేదాన్ని బాబూ" అంది వదిన.

ఇంతలో మైకు పట్టుకున్నాయనకు ఊపొచ్చింది. జబ్బు గురించిన అవగాహన ఇంటింటికీ చేరాలని ఆయన ఉద్దేశం. ఆవేశంలో ఆ అవగాహన అన్న మాటొక్కటీ మింగేశాడు. "ఈ క్యాన్సర్ ఇంటింటికీ చేరాలి! ఏ ఒక్క కుటుంబమూ మిగిలిపోకూడదు!" అని గర్జించాడు. చప్పట్లు మారుమోగాయి.

నాకు ఒళ్ళు మండింది. మైకు లాక్కుందామని వేదిక మెట్లెక్కేశాను. వదిన నా టీషర్టు పట్టుకుని లాగింది.

"కూర్చోవయ్యా మరిదీ. ఆయన తప్పేమన్నాడు?"

"అదేంటొదినా!"

"ఇంటింటికీ వచ్చే జబ్బయితే ఈపాటికి ప్రతి మందుల షాపులోనూ దీనికి బిళ్ళ దొరికేది కాదూ? నాలాంటి నలుగురికే వచ్చింది. అందుకే నువ్వు పరిగెడుతున్నావు."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మీ ఇంటికి ఆ జబ్బు రావాలని నేనెలా కోరుకుంటాను చెప్పండి? వద్దు, ఎవరికీ వద్దు. వచ్చే ఆదివారం మళ్ళీ పరుగుంది. వెళ్తాను. రొప్పుకుంటూ చివరి గీత దాటి, రేకు పతకం మెళ్ళో వేయించుకుంటాను. కానీ నేనెంత వేగంగా వెళ్తే ఏం లాభం? తొందరగా రావాల్సింది మందు.