అలుగమ్మవారికి అలుగు చేసిన అపచారం

ఒక పెద్ద అడవిలో దేవుళ్లకు కొదవ లేదు. జింకలకు పచ్చిక దేవుడు, కొండముచ్చులకు కొమ్మ దేవుడు, ఎలుగుబంట్లకు తేనె దేవుడు. ఎవరి దేవుడు వాళ్లదే అయినా ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. దేవుడన్నాక గుడి ఉండాలి, గుడన్నాక గంట ఉండాలి, గంటన్నాక దాన్ని ముందెవరు కొట్టాలో తేల్చుకోలేక కొట్టుకునే కమిటీ ఒకటి ఉండాలి. ఇవన్నీ ఉంటే భక్తి. లేకపోతే ఏదో తేడా ఉన్నట్టే.

ఆ తేడా అడవి మొత్తంలో ఒక్క అలుగు దగ్గరే ఉండేది.

ఒంటి నిండా పొలుసులతో, చెదపురుగులు తిని బతికే ఆ అలుగు అడవి చివర నల్లబండ కింద బొరియలో ఉండేది. ఎవరి జోలికీ పోదు. పున్నమి వచ్చిందంటే పొద్దు వాలగానే బండెక్కి, వేపరెమ్మతో శుభ్రంగా ఊడ్చి, తోకతో తన చుట్టూ గుండ్రంగా ఒక గీత గీసుకుని కూర్చునేది. చందమామ కొండ మీదికి రాగానే రెండు ముంగాళ్లూ ఎత్తి "వచ్చావా తల్లీ!" అని పలకరించేది. నేలకు దండం పెట్టేది. రుతువు మారినప్పుడల్లా ఇలాగే ఒక చిన్న పండుగ. దాని నాయనమ్మ చేసింది, అమ్మ చేసింది, అదీ చేస్తోంది. ఆ కాసేపూ దానికి ఒంటరితనం తెలిసేది కాదు. అది అడవిని ఇంకేమీ అడగలేదు.

ఆకులూ వేళ్లూ కూడా దానికి బాగా తెలుసు. పక్క పొదలో ఉండే కుందేలు తన పిల్లకు జ్వరం వచ్చినప్పుడల్లా పరుగెత్తుకొచ్చేది. "అలుగక్కా, కాస్త ఏదైనా ఆకు పిండి పొయ్యవే" అనేది. పిల్లకు నయమయ్యాక "నేనొచ్చినట్టు ఎవరితోనూ అనకేం?" అని చెప్పి మరీ వెళ్లేది. అలుగు నవ్వి ఊరుకునేది.

ఇలా ఉండగా ఒక వేసవిలో అడవి సభ అధ్యక్షుడు ఎలుగుబంటికి కడుపునొప్పి వచ్చింది. ముందురోజు ఇప్పచెట్టు కింద రాలిన పూలన్నీ ఒక్కడే ఊడ్చుకు తిన్నాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ అధ్యక్షుడి కడుపునొప్పికి అధ్యక్షుడే కారణమని ఏ సభలోనూ ఎవరూ అనరు. పైగా నల్లబండ చుట్టూ ఉన్న చెదపుట్టల మీద ఎలుగుకు ఎప్పటినుంచో కన్ను.

"నిన్న పున్నమి. ఆవిడ గీత గీసింది. ఇవాళ నాకు నొప్పి. ఇంకేం కావాలయ్యా?" అన్నాడు ఎలుగు, కార్యదర్శి కొండముచ్చుతో.

"ఇంకేమీ అక్కర్లేదండీ" అన్నాడు కొండముచ్చు. అతడికి నోరు తప్ప వేరే ఆస్తి లేదు, అవసరమూ పడలేదు.

మర్నాడు సభ పెట్టి అలుగును పిలిపించారు.

"నీ దేవుడెవరు?" అన్నాడు కొండముచ్చు.

"చందమామ, నేల, గాలి, వాన" అంది అలుగు.

"అవి అందరికీ ఉన్నవేగా! నీకంటూ ప్రత్యేకంగా ఎవరున్నారని?"

"అందరికీ ఉన్నవి నాకు చాలండి."

"చూశారా, మాట దాటేస్తోంది! సరే, చందమామను తల్లీ అంటావట, నిజమేనా?"

"నిజమే."

సభలో గగ్గోలు లేచింది. "మామను పట్టుకుని తల్లీ అంటుందా! వరసలు కూడా తెలియవా?" అని అడవిపంది లేచి నిలబడింది. మామ తల్లెలా అవుతాడో వివరించమని గట్టిగా అడిగింది.

"గీత ఎందుకు గీస్తావు?" అన్నాడు ఎలుగు.

"లోపల కూర్చుంటే మనసు కుదుటపడుతుందండి."

"మరి బయట ఉన్న మా గతేమిటి? మా కడుపుల గతేమిటి?"

అలుగు కుందేలు వైపు చూసింది. ఒక్క మాట చెబుతుందేమోనని ఆశ. కుందేలు చెవులు వాల్చేసుకుని, "నేనావిడ గుమ్మం ఎప్పుడూ తొక్కలేదండీ" అంది. ఆ మాటకి అలుగు మనసు చివుక్కుమంది.

"చేతబడే! కొట్టి తరిమెయ్యండి!" అని ఎలుగు పంజా ఎత్తాడు.

"అయ్యా, మా నాయనమ్మ చెప్పిన నియమం ఒక్కటే" అంది అలుగు. "ఎవరికీ కీడు చెయ్యకు, ఆపైన నీ ఇష్టం వచ్చినట్టు బతుకు అంది. ఎవరికేం చేసినా అది మూడింతలై తిరిగొస్తుందని చెప్పింది. అందుకే నేను ఎవరికీ ఏమీ చెయ్యను."

తను మంచిదాన్నని చెప్పుకోవడానికే పాపం ఆ మాటంది. సభకు మాత్రం అది బెదిరింపులా వినిపించింది. ఎలుగు ఎత్తిన పంజాతో వీపు గోక్కుని మెల్లగా దించేశాడు.

"పందిగారూ, మీరు మొదలుపెట్టండి" అన్నాడు.

"నాకసలే నడుంనొప్పండి. అది మూడింతలైతే ఇంక లేచేది లేదు. మీరు పెద్దలు, మీరే కానివ్వండి" అంది పంది.

ఇలా ఒకరినొకరు మర్యాద చేసుకుంటూ కూర్చున్నారే తప్ప ఎవరూ చెయ్యెత్తలేదు. చివరికి కొండముచ్చు ఎలుగు చెవిలో గొణిగాడు. "అధ్యక్షా, చెడు మూడింతలైతే మంచీ మూడింతలేగా? తరిమేస్తే మనకు ముప్పు. సన్మానం చేసి సాగనంపామనుకోండి, లాభం. శాలువా కప్పుదాం, నాలుగు మంచి మాటలు చెబుదాం, ఊరేగింపుగా ఏరు దాటించి వచ్చేద్దాం."

ఎలుగు ముఖం వెలిగిపోయింది. సన్మానమంటే తనకూ ఒక దండ పడుతుంది.

నల్లబండ దగ్గరే సన్మానం ఘనంగా జరిగింది. టేకాకుల శాలువా, మోదుగుపూల దండ, ఎత్తు గట్టు. ఎన్నడూ లేని ఆదరణకు బెదిరిపోయిన అలుగు ఒళ్లంతా ముడుచుకుని బంతిలా అయిపోయింది. "ఆహా, సమాధిలోకి వెళ్లారు!" అన్నాడు కొండముచ్చు. జనం చేతులు జోడించారు.

ఇంక ఉపన్యాసాలు. ఎంత పొగిడితే అంతకు మూడింతలన్న మాట వక్తల మనసులో మెదులుతూనే ఉంది. పంది అలుగును జ్ఞాని అంది. అంతకంటే వెనకబడతానా అని కొండముచ్చు మహాజ్ఞాని అన్నాడు. చివరగా లేచిన ఎలుగుకు మాటలేమీ మిగల్లేదు. "నా కడుపునొప్పి తీసింది ఈ తల్లే! ఈమె సాక్షాత్తూ అమ్మవారు!" అని గట్టిగా అరిచేశాడు.

ముందు వరసలోంచి కుందేలు లేచింది. "అవునండీ! నా బిడ్డను బతికించింది కూడా ఈ తల్లే!" అని బావురుమంది. "ఇలాంటి అమ్మవారిని ఏరు దాటిస్తారా? ఎవరండీ ఆ పాపాత్ములు?" అని వెనకనుంచి జింకలు రంకెలేశాయి.

ఎలుగు చుట్టూ చూశాడు. పాపాత్ములు తామే అని తెలిసేలోపు తేరుకోవాలి. "ఎవరన్నారు దాటిస్తామని? ఇక్కడే, ఈ నల్లబండ మీదే గుడి కడతాం! కమిటీకి నేనే అధ్యక్షుణ్ణి!" అన్నాడు. చప్పట్లు మారుమోగాయి.

పథకం అడ్డం తిరిగినా అతడికేమీ నష్టం రాలేదు. కమిటీ పేరుతో చెదపుట్టలన్నీ ఎలాగూ చేతికొచ్చాయి. నష్టపోయింది అలుగొక్కటే. బండ మీద తాటాకుల కప్పు వేశారు, చుట్టూ దడి కట్టారు, గంట వేలాడదీశారు. అలుగు ఎప్పుడు సమాధిలో ఉంటుందో తెలియదు కాబట్టి, ఎప్పుడూ ముడుచుకునే ఉండే రాతి అలుగునొకదాన్ని చేయించి ముందు పెట్టారు. అసలు అలుగును వెనక కూర్చోబెట్టారు. తీర్థం ఇచ్చే పని కుందేలుకు దక్కింది.

"చెల్లీ, ఈ కప్పులోంచి చందమామ కనబడట్లేదే. కాస్త ఒక తాటాకు తీయించవూ?" అని అడిగింది అలుగు ఒకనాడు.

"అమ్మా, మీరే సాక్షాత్తూ దేవత. మీకు చందమామతో పనేముందమ్మా?" అంది కుందేలు, కళ్లు కిందికి దించుకుని.

అలుగుకు ఏడుపొచ్చింది. గుమ్మం తొక్కలేదని బొంకిన రోజున కూడా ఈ కుందేలుకు తను అక్కే. ఇప్పుడు రోజూ గుమ్మంలోనే ఉంటోంది, అక్కా అనడం మాత్రం మానేసింది.

పున్నమి వచ్చింది. ఉండబట్టలేక అలుగు బండ కింది తన బొరియలోకి దూరి, వెనకవైపు తవ్వుకుని బయటపడి, పక్క దిబ్బ ఎక్కింది. ఊడ్చింది, గీత గీసింది. చందమామ రాగానే ముంగాళ్లెత్తి "వచ్చావా తల్లీ!" అంది. ఎన్నాళ్లకో దాని ప్రాణం హాయిగా ఉంది.

గుడికి నీళ్లు తెస్తున్న జింకలు అది చూసి కెవ్వుమన్నాయి. సభ మొత్తం దిబ్బ చుట్టూ మూగింది.

"అమ్మవారు గుడిలోనే ఉన్నారు. నేనిప్పుడే హారతిచ్చి వస్తున్నాను" అన్నాడు కొండముచ్చు. "మరి ఈవిడెవరు?"

"నేనేనండీ, అలుగుని! మీరు అమ్మవారని మొక్కేది నాకే!"

"అపచారం! అమ్మవారి రూపంలో తిరుగుతున్న మంత్రగత్తె ఇది! గీత చూడండి!" అన్నాడు ఎలుగు. కుందేలు వైపు తిరిగి, "నువ్వు పొరుగుదానివి, రోజూ తీర్థమిచ్చేదానివి. చెప్పు, ఈవిడ అమ్మవారేనా?" అన్నాడు.

కుందేలు అలుగు ముఖంలోకి చూసింది. గుర్తుపట్టకపోవడానికి దానికి ఏ కారణమూ లేదు. తీర్థం గిన్నెను గట్టిగా పట్టుకుని, "మా అమ్మవారు ఇలా ఒంటినిండా మట్టి పూసుకుని తిరగరండీ" అంది.

పంది రాయి తీసింది. అంతలోనే ఆగి, "మరి ఆ మూడింతలు?" అంది.

"అది అమ్మవారి వాక్కు. అమ్మవారికే వర్తిస్తుంది" అన్నాడు కొండముచ్చు.

ఇంక అడ్డేముంది? రాళ్లు పడ్డాయి. అలుగు ముడుచుకుంది. ముడుచుకున్నదాన్ని ముడుచుకున్నట్టే దొర్లించుకుంటూ వెళ్లి ఏట్లోకి తోసేశారు. అది ఎలాగో ఈది అవతలి ఒడ్డు చేరి, పగిలిన పొలుసులతో ఇసుకలో చాలాసేపు వణుకుతూ పడుకుంది. మనసులో ఒక్క శాపనార్థమైనా రాలేదు. రానివ్వకూడదని నాయనమ్మ చెప్పింది.

ఇవతల గుడిలో సంప్రోక్షణ చేశారు. ఎలుగు అందరికంటే ముందు గంట కొట్టి, రాతి అలుగు ముందు సాష్టాంగపడ్డాడు.

"తల్లీ అలుగమ్మా! ఆ అలుగు మళ్లీ ఇటు రాకుండా నువ్వే చూడాలి."

నీతి: అడవిలో బతకాలంటే దేవతవైనా అవ్వాలి, దయ్యానివైనా అవ్వాలి, ఉత్త అలుగులా ఉంటానంటే మాత్రం కుదరదు.