నీళ్ల వార్త

ఆ రోజు పొద్దున్న కత్తెర గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చేయాలి. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. పేపరాఫీసుకు ఓనరు వచ్చేలోపు వెళ్లి తన కుర్చీలో కూర్చోవాలి. ఓనరుకు ఒక్క వాక్యం చెప్పాలి. అంతే.

ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. విలేఖరి ఎంత పొడుగు వార్త తెచ్చినా సగానికి కోసి పేజీలో ఇరికించేవాడు కనుక కత్తెర అన్నారు. జుట్టు నెరిశాక గారు తగిలించారు. ఒకప్పుడు ఆ డెస్కు దగ్గర కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూర్చుని వార్తలు దిద్దేవారు. ఇప్పుడు కుర్చీలకు కొదవ లేదు. ప్రూఫ్‌రీడరు హోటళ్ల మెనూ కార్డులు దిద్దుకుంటున్నాడు. ఫొటోగ్రాఫరు బడిపిల్లల గుర్తింపు కార్డులకు ఫొటోలు తీస్తున్నాడు. దొంగతనాల వార్తలు రాసినవాడు తాళాల కంపెనీలో చేరాడు. మిగిలింది కత్తెర గారు, ఎడిటరు, ఒక మిషను. వార్తలు పోగెయ్యడం, పేజీలు కట్టడం, అక్షరాలు దిద్దడం అన్నీ మిషనే చేస్తుంది. కత్తెర గారు పక్కన కూర్చుని చూడాలి. ఆ చూసే మనిషి కూడా అవసరమా అన్నది తేల్చడానికే ఓనరు వస్తున్నాడు.

అందుకని కత్తెర గారు తన వాక్యాన్ని ఎన్నాళ్లుగానో కోసి, చెక్కి పెట్టుకున్నాడు. మిషను అక్షరం తప్పు పట్టుకుంటుంది గానీ అబద్ధాన్ని పట్టుకోలేదండీ, దానికి మనిషే కావాలి. అద్దం ముందు ఒకసారి అప్పజెప్పుకుని బాత్‌రూం తలుపు తీశాడు.

లోపల కాలు పెట్టే చోటు లేదు. బకెట్లు, గిన్నెలు, పూలకుండీ, చివరికి ఆయన గడ్డం గీసుకునే కప్పు కూడా అంచుదాకా నీళ్లతో నిండి ఉన్నాయి. మగ్గు ముంచబోతుంటే భార్య వచ్చి చేతిలోంచి లాక్కుంది.

"ముట్టుకోకండి. అవి రేపటికి."

"రేపటికేంటి?"

"రేపు నీళ్లు రావుగా. మీ పేపర్లోనే వేశారు. ఇంట్లో ఉన్నదానికి ఒక ముక్క ముందు చెబుదామని కూడా లేదు మీకు. నేనూ ఊరందరితో పాటు చదివి తెలుసుకోవాలి."

మూడో పేజీ ఆయన చేతిలో పెట్టింది. కింద మూలన చిన్న పెట్టెలో ఉంది వార్త. రేపు నగరంలో నీళ్లు రావు, ప్రజలు సహకరించాలి. అది వార్త కాదు. ఆయన కొలబద్ద.

పేజీలో ఆఖరి నిమిషంలో ఖాళీ వస్తే, అక్కడ ఎంత వార్త పడుతుందో చూడటానికి ఏదో ఒక నమూనా పెట్టి కొలుస్తారు. కత్తెర గారు ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఈ నాలుగు ముక్కలే పెట్టేవాడు. డెస్కులో దాన్ని నీళ్ల వార్త అనేవారు. ఆయన పెట్టేసి టీకి వెళ్లేవాడు. తిరిగొచ్చేసరికి పేజీ కట్టే ఫోర్‌మన్ దాన్ని తీసేసి అసలు వార్త పెట్టేవాడు. ఫోర్‌మన్ మర్చిపోతే ప్రూఫ్‌రీడరు పట్టుకునేవాడు. అతనూ వదిలేస్తే న్యూస్ ఎడిటరు కేకేసేవాడు. నిన్న సాయంత్రం ఒక ప్రకటన రద్దయి ఖాళీ వచ్చింది. ఈయన అలవాటుగా నీళ్ల వార్త పెట్టి, అలవాటుగా టీకి వెళ్లాడు. వచ్చి చూస్తే తప్పులు లేవని మిషను పచ్చగుర్తు వేసి పేజీని ప్రెస్సుకు పంపేసింది. ఎవరో ఒకరు చూసే ఉంటారనుకుని ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు ఆఫీసులో ఆ ఎవరో ఒకరు తనే అన్న సంగతి ఆయనకు బాత్‌రూం గుమ్మంలో తెలిసింది.

అది ఉత్తుత్తి వార్తని, ఎక్కడో పొరపాటు జరిగిందని భార్యకు చెప్పాడు. ఆ పొరపాటు ఎవరిదో మాత్రం చెప్పలేకపోయాడు. ఆవిడ ఆయన వంక జాలిగా చూసింది.

"మీకు తెలుసా, పేపరుకు తెలుసా?"

తడి తువ్వాలుతో మొహం తుడుచుకుని వీధిలో పడ్డాడు. వీధి వీధంతా నీళ్లు పడుతోంది. పక్కింట్లో ఉండే బావమరిది పాత ఫ్రిజ్‌ను వెల్లకిలా పడుకోబెట్టి పైపుతో నింపుతున్నాడు.

"బావా, ఇన్నేళ్లలో నువ్వు వేసినవాటిలో మనిషికి పనికొచ్చింది ఇదొక్కటే."

ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. వంతెన బీటలిచ్చిందని వేశాడు, దాని మీదే నడిచారు. కల్తీ మందుల మీద వారం పాటు వేశాడు, అవే కొనుక్కున్నారు. ఈ కొలబద్దకు మాత్రం ఊరు ఊరంతా కదిలింది. మనసు కూడదీసుకుని, అది నిజం కాదు, కట్టెయ్యండని నలుగురికీ చెప్పాడు. అదే చేటైంది. ఈయన ఇంట్లో పూలకుండీ కూడా నిండిందని బావమరిది అప్పటికే అందరికీ చెప్పి ఉన్నాడు. తను నింపేసుకుని మనల్ని ఆపమంటున్నాడు చూశారా అనుకుని, పట్టనివాళ్లు కూడా పట్టడం మొదలుపెట్టారు. ఆయన వీధి చివరికి చేరేసరికి కుళాయిలు దగ్గడం మొదలైంది. ఆఫీసు మెట్లెక్కేసరికి ఆ దగ్గూ ఆగిపోయింది.

ఎడిటరు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఒకప్పుడు కత్తెర గారి దగ్గర పని నేర్చుకున్నవాడే. ఏ పేపర్లోనూ, ఏ టీవీలోనూ లేని వార్త మన దాంట్లో పడిందని చెప్పాడు. నీటి సరఫరా ఇంజినీరు పొద్దున్నే ఫోన్ చేసి అబద్ధమని అరిచాడట. ఊరి ట్యాంకు అడుగంటాక రెండోసారి చేసి గొంతు తగ్గించాడట. జనం ట్యాంకు ఖాళీ చేసేశారని చెప్పుకోవడం నామోషీ అనిపించి, మరమ్మతుల వల్ల రేపు నీళ్లు ఉండవని ప్రకటన ఇచ్చేశాడట. పైగా మా ఆఫీసులోంచి మీకు ఎవరు చెప్పారని నిలదీశాడట.

"ఇంతకీ మనకి ఎవరు చెప్పారు, అన్నా?"

కత్తెర గారు నోరు తెరిచేలోపు ఓనరు వచ్చాడు. ఆయనకీ ఇంట్లో నీళ్లు లేవని సెంటు వాసన చెబుతోంది. కూర్చోకుండానే నీళ్ల వార్త ఎవరు తెచ్చారని అడిగాడు. ఊళ్లో తిరిగే విలేఖరులు ఎవరూ మిగల్లేదు కనుక ఎడిటరు నిజంగా నమ్మే చెప్పాడు, మిషనే పట్టిందని. ఓనరు మిషను వంక మురిపెంగా చూశాడు. ఇంజినీరుకే తెలియని సంగతి ఇది ముందు రోజే చెప్పిందంటే, ఇంక పక్కన మనిషెందుకన్నాడు.

కత్తెర గారి వాక్యానికి వేళైంది. ఊరుకుంటే ఉద్యోగం పోతుంది. చెబితే పరువు కూడా పోతుంది. అయినా కళ్లముందు ఒక తప్పు పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకు చేతకాదు.

"మిషను అక్షరం తప్పు పట్టుకుంటుంది గానీ అండీ, అబద్ధాన్ని పట్టుకోలేదు."

"ఏది అబద్ధం?" ఓనరు వెళ్లి మూలనున్న కుళాయి తిప్పాడు. అది గాలి వదిలింది. "నీళ్లున్నాయా?"

"ఆ వార్త నేను పెట్టానండి. ఖాళీ కొలవడానికి. తీయడం మర్చిపోయాను."

ఎడిటరు తల దించుకున్నాడు. ఓనరు మాట నెమ్మదిగానే అన్నాడు.

"చూడండి, అది నిజమైతే మిషను రాసినట్టు. అబద్ధమైతే మీరు రాసినట్టు. ఇందులో మిమ్మల్ని ఉంచుకోవడానికి నాకు దారెక్కడుంది?"

కత్తెర గారికి ఆ వాక్యంలో కోయడానికి ఏమీ దొరకలేదు. సవరణ ఒకటి వేసి వెళతానన్నాడు. వేసుకోమన్నాడు ఓనరు.

తన ఆఖరి వార్తను ఆయన ఎంతో పొదుపుగా రాశాడు. నీళ్లు రావన్న నిన్నటి వార్త నిజం కాదు, పొరపాటున పడిన నమూనా. అయితే ఇప్పుడు ట్యాంకు ఖాళీ అయినందున ఈరోజు నీళ్లు రావు. చింతిస్తున్నాం. దిద్దమని ఇవ్వడానికి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. మిషనుకే అప్పజెప్పి, కళ్లజోడు పెట్టె జేబులో వేసుకుని, ఖాళీ కుర్చీల మధ్య నుంచి మెట్లు దిగాడు.

ఇంటికెళ్లి ఉద్యోగం పోయిందని మాత్రం చెప్పాడు. భార్య తన వాటా నీళ్లలోంచి ఒక గ్లాసు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు ఆయన ఆలస్యంగా లేచాడు. ఇక తొందరేముంది. ఇల్లంతా తడిగా ఉంది. భార్య గచ్చు కడిగింది, దుప్పట్లు ఉతికింది, పూలకుండీ ఒంపేసింది. బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. బల్ల మీద పేపరు ఉంది. సవరణకు వచ్చిన చోటు ఇరుకై, మిషను మధ్య ముక్క కోసేసింది. నీళ్లు రావన్న నిన్నటి వార్త నిజం కాదు, చింతిస్తున్నాం. కోత ఎక్కడా అతుకు కనిపించకుండా ఉంది. తనైనా అక్కడే కోసేవాడేమో అనిపించింది.

బాత్‌రూంలో భార్య కుళాయి తిప్పింది. అది గాలి వదిలింది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"చూశారా, మీరు లేని మొదటి రోజే ఎంత తప్పు వేశారో. మీరుంటే పోనిచ్చేవారా?"

ఇన్నేళ్లలో మొదటిసారి కత్తెర గారు ఒక తప్పును దిద్దకుండా వదిలేశాడు.