జంపక్క ఇంటి కప్పుపై తీర్మానం

మానవజాతి వేల ఏళ్లుగా దానం చేస్తూనే ఉంది గానీ, దాన్ని ఎలా చేయాలో మాత్రం ఇటీవలి దాకా దానికి తెలియదు. ఎదుటివాడికి లేదని తెలిసిన వెంటనే ఇచ్చేయడమనే అడ్డగోలు పద్ధతి మన అశ్వారావుపేట అడవి అంచున మొన్నమొన్నటి వరకూ యథేచ్ఛగా సాగింది.

ఉదాహరణకు ఇప్పలవాగు తండా. నలభై రెండు ఇళ్లు. గాలివానకు ఎవరింటి కప్పు లేచిపోయినా, ఇంటికో వెదురు వాసం, మోపెడు గడ్డి తెచ్చి పడేసేవారు. పొద్దుగూకేసరికి కప్పు నిలిచేది. ఇంటివాళ్లు అందరికీ అన్నం పెట్టేవారు. వాసానికి రసీదు లేదు, గడ్డికి ఫొటో లేదు, ఇచ్చినవాడికి శాలువా లేదు. వాసాలొచ్చాయి, నివాసమైంది, అంతే. (ఉపవాసం ఉన్నవాళ్లు కూడా వాసం మోసేవారట. ఇంత ఘోరం ఇన్నేళ్లూ ఎవరి దృష్టికీ రాలేదు.)

ఆ లోటు తీర్చడానికి పట్నం నుంచి ఒక దాతృత్వ వికాస పీఠం దిగింది. పీఠం తరఫున వచ్చిన శ్రావణి మేడం చాలా మంచి మనిషి. "డబ్బు మాది, నిర్ణయం మీది. ఎవరికి సాయం అందాలో మీ ఊరే తేల్చుకోవాలి" అన్నారు. (నిర్ణయం ఎలా ఉండాలో చెప్పే అరవై పేజీల పుస్తకం మాత్రం వాళ్లది.) వెంటనే 'సముదాయ దాన నిర్ణాయక సమితి' ఏర్పడింది. పొట్టిగా 'సదానిస'. గిట్టనివాళ్లు 'సదా నస' అంటారు, పట్టించుకోకండి.

అధ్యక్షుడిగా మోతీలాల్‌ను ఎన్నుకున్నారు. మణుగూరు గనిలో హాజరు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఎదురుగా నిలబడ్డవాడు ఉన్నాడో లేడో ముప్పై ఏళ్లు రాసినవాడు. అంతకన్నా అర్హత ఏం కావాలి? గోడ మీద 'దానానికి ముందు నిదానం' అని రాయించాడు. నిబంధనల్లో ఏడోది ముఖ్యం: దరఖాస్తు పడ్డాక దరఖాస్తుదారుకు ఎవరూ సొంతంగా ఏమీ ఇవ్వరాదు. ఇస్తే అవసరం కల్తీ అవుతుంది.

రోహిణి కార్తెలో ఓ మధ్యాహ్నం ఈదురుగాలికి జంపక్క ఇంటి కప్పు లేచి, ఆమె గెలలు మోసే పామాయిల్ తోటలోనే వెళ్లి పడింది. (కప్పు కూడా కూలికి వచ్చిందనుకున్నారు తోటివాళ్లు.) ఒంటరి మనిషి. ఇంట్లో రెండు బస్తాల జొన్న విత్తనం. మృగశిర వానలు దిగేలోగా కప్పు పడకపోతే విత్తనం పోతుంది, విత్తనంతో పాటు ఏడాదీ పోతుంది.

జనం అలవాటు కొద్దీ వాసాలు భుజాన వేసుకుని బయలుదేరారు. మోతీలాల్ అడ్డం నిలబడ్డాడు.

"ఆగుండ్రి! జంపక్క అప్లికేషన్ నేనే రాసి పెట్టిన. ఇగ వాసం దింపితే కేసు ఖరాబైతది."

"ఏంది మోతీలాలన్నా, కప్పు పోయింది నాది, కేసేంది?" అంది జంపక్క.

"నీకు రేకుల కప్పే వస్తది. జర ఓపిక పట్టు."

"ఓపిక పడత గని, గా మబ్బును గూడ జర పట్టి ఆపు!"

అశ్వారావుపేటలో టార్పాలిన్ పరదాల దుకాణం నడిపే మహబూబ్ అలీ సంగతి విని, మోపెడ్ మీద నీలం పరదా తెచ్చాడు. మోతీలాల్ ఏడో నిబంధన చదివి వినిపించాడు.

"అరె భాయ్, నేను ఇస్తున్ననా? గీడ మర్చిపోయి పోతున్న."

"మర్చిపోయినవని నీకు యాదికి ఉంటే అది మర్చిపోవుడు గాదు భాయ్."

సమితి కూర్చుని, కప్పు టీతో కప్పు లేమిని చర్చించి, పరదాను 'దొరికిన వస్తువు'గా గుర్తించి సొంతదారుకు తిరిగి పంపింది. (సొంతదారు అక్కడే టీ తాగుతున్నాడు.)

ఆ తర్వాత చింతగింజలతో ఓటింగు. జంపక్క అవసరం మొదటి స్థానంలో నెగ్గింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక పీఠం పరిశీలకుడు వచ్చి అవసరాన్ని కళ్లారా చూడటమే తరువాయి. ఆయన మూడు వారాల తర్వాత గురువారం వస్తానన్నాడు. మృగశిర కార్తె మాత్రం అంతకుముందే వస్తుంది. దానికి తేదీ ఇచ్చింది ఎవరో తెలియదు.

ఈలోగా మోతీలాల్ 'నిరీక్షణ నిర్వహణ'లో శిక్షణ కోసం ఖమ్మం వెళ్లాడు. సందు దొరికింది. తండాలోని ఇళ్లన్నీ వాసాలతో కదిలాయి. తోటలో కూలబడ్డ కప్పులో పనికొచ్చే గడ్డిని కూడా దులిపి తెచ్చారు. మధ్యాహ్నం దాటకముందే కప్పు నిలబడింది. జంపక్క అందరికీ అన్నం, ఎండుచేపల పులుసు పెట్టింది. ఎవరూ ఫొటో తీసుకోలేదు.

సోమవారం తిరిగొచ్చిన మోతీలాల్ తలెత్తి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఎంత పని చేసిండ్రు! ఉన్న ఒక్క అవసరాన్ని నాశనం చేసిండ్రు గదా!"

విషయం తీవ్రమైనదే. పరిశీలకుడు వచ్చేసరికి అవసరం లేకపోతే, పుస్తకం ప్రకారం ఊరు 'అవసరం లేని గ్రామాల' జాబితాలోకి పోతుంది. మిగతా నలభై ఒక్క ఇళ్ల దరఖాస్తులూ రద్దు. ఒకరికి కుట్టు మిషను, ఒకరికి బోరు మోటారు, కిషన్‌లాల్‌కు గేదె. సభ పెట్టారు.

"మూడు దినాలే వదినా," అన్నాడు కిషన్‌లాల్ నేల చూస్తూ. "సారు పోంగనే మల్ల కప్పుతం. నా గేదె పోతది."

"గేదె వానలో తడిస్తే ఏం గాదురా. నా జొన్నలు తడిస్తే?"

"అక్కా, అందరం ఓటేద్దాం," అన్నాడు మోతీలాల్. "ఇది నేను చెప్పుడు గాదు, సముదాయం చెప్పుడు."

కప్పు తీయాలని నలభై ఒక్క గింజలు. వద్దని ఒకటి. ఆ ఒకటి ఎవరిదో రహస్యంగా ఉంచారు.

తీసేటప్పుడు ఎవరూ దురుసుగా ప్రవర్తించలేదు. ఎవరి వాసం వాళ్లు గుర్తుపట్టి, తాళ్లు కోయకుండా విప్పి, జంపక్కకు నమస్కారం పెట్టి మరీ తీసుకెళ్లారు. బస్తాలకు గోనెపట్టా కప్పుదామన్నారు కొందరు. ఏడో నిబంధన అడ్డొచ్చింది. ఆ సాయంత్రం నుంచే ముసురు పట్టింది.

గురువారం పరిశీలకుడు శ్రావణి మేడంతో వచ్చాడు. లోపల నిలబడి ఆకాశం చూశాడు. ఇంత స్వచ్ఛమైన అవసరం తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. బస్తాల్లోంచి తలలెత్తిన జొన్న మొలకలు చూసి, ఇంట్లోనే పచ్చదనం పెంచుతున్నందుకు జంపక్కను మెచ్చుకున్నాడు.

"సారూ, కప్పు ఎప్పుడేస్తరు?" అంది జంపక్క, కొంగు పిండుకుంటూ.

ఆయన నివేదికలో ఆ మాట కూడా చేర్చాడు, 'లబ్ధిదారు చైతన్యం' కింద. ఇప్పలవాగును మాదిరి గ్రామంగా ప్రకటించాలనీ, మిగతా సమితులు చూసి నేర్చుకునేందుకు జంపక్క ఇంటిని ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలనీ సిఫారసు చేశాడు. పీఠం మరుసటి రోజే ఆమోదించింది. ఇంత త్వరగా అది ఇదివరకు ఏదీ ఆమోదించలేదు.

వైరా వైపు నుంచి మొదటి బస్సు వచ్చే ఆదివారం వస్తోంది. సందర్శకులకు గొడుగులు మంజూరయ్యాయి.