కరువు పగడం

అనంతపురం జిల్లాకి సముద్రం వచ్చింది పంతొమ్మిది వందల ఎనభై ఆరు, మార్చి నెలలో. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగున్నర, నాలుగు పక్కలా అద్దం. వచ్చి ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి శ్రీరంగప్ప పడసాలలో కూర్చునింది.

ఊర్లో కొళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే కాలం. బిందెలతో వరుసలో నిలబడినోళ్ళు కూడా "మన శ్రీరంగప్ప ఇంట్లో సముద్రముండాదంట" అని గర్వంగా చెప్పుకునేవాళ్ళు.

ఆ సముద్రంలో ఒక పగడముండాది. మద్రాసుకు చీరలు అమ్మబోయినప్పుడు తెచ్చినాడు. "ఇది ఉంగరంలో పెట్టుకునే రాయి కాదప్పా, ప్రాణి. బతికుండే పగడం" అని వచ్చినోళ్ళందరికీ చెప్పేవాడు. బతికే ఉండె, మూడు రోజులు. భార్య నాగలక్ష్మమ్మ ఊరగాయకి దాచుకున్న ఉప్పు కుండెడు ఎత్తి కొళాయి నీళ్ళలో పోసి సముద్రం చేసినాడు గానీ, పగడానికి సరిపడలేదు. పాలిపోయి ఎముక మాదిరి నిలిచింది. పట్టుకి రంగులేసే తిప్పయ్యను పిలిపించి దానికి మిరపపండు రంగు వేయించినాడు. రంగు నీళ్ళలో కారేది. వారానికొకసారి తిప్పయ్య వచ్చి మళ్ళీ వేసిపోయేవాడు. చూసినోళ్ళతో "ప్రాణికి వైద్యం జరగతాండాది" అనేవాడు శ్రీరంగప్ప.

జిల్లాలో ఇంకొక సముద్రం హిందూపురంలో ఉండాది. వేరుశెనక్కాయల మిల్లు దివాకర్‌ది. ఇద్దరూ కలిసి 'జిల్లా సముద్ర ప్రేమికుల సంఘం' పెట్టినారు. శ్రీరంగప్ప అధ్యక్షుడు, దివాకర్ కార్యదర్శి. సభ్యులు ఇంకా చేరలేదు.

ఒకరోజు కార్యదర్శి నుంచి జాబు వచ్చింది.

"అధ్యక్షుల వారికి. నా పగడం గుబురుగా పెరిగింది. ఒక కొమ్మ కోసి మీకు పంపుతాను. మీరూ ఒకటి పంపండి. ఒకరి ఇంట్లో చచ్చినా ఇంకొకరి ఇంట్లో విత్తనం మిగులుతుంది. కొమ్మను చిన్న రాయికి దారంతో కట్టి, ప్లాస్టిక్ కవర్లో సగం సముద్రపు నీళ్ళు, సగం గాలి ఉంచి, పైన ఇంకొక కవరు తొడిగి, థర్మాకోలు పెట్టెలో పంపాలి. మీది బతికి లేకుంటే దాచకుండా చెప్పండి. అధ్యక్ష పదవి సంగతి మాట్లాడుకుందాం."

శ్రీరంగప్ప వెంటనే తిప్పయ్యను పిలిపించినాడు. అధ్యక్షుడని లెటరుహెడ్లు వెయ్యి అచ్చేయించి ఉండాడు. చుట్టాల పెండ్లిపత్రికల్లో కూడా పేరు కింద అదే వేస్తాండారు.

"నీళ్ళలో పంపితే పెనుకొండ దాటేలోపల రంగంతా కారిపోతాదప్పా" అన్నాడు తిప్పయ్య.

"పొడిగా పంపితే?"

"చచ్చిందని తెలుస్తాది."

"చచ్చిందే కదా" అనింది నాగలక్ష్మమ్మ, బియ్యం ఏరతా.

"నువ్వు ఊరుకో. సంఘం విషయాలు నీకు తెలీవు."

"ఉప్పు విషయం తెలుసులే."

శ్రీరంగప్ప లెటరుహెడ్డు తీసినాడు. "కార్యదర్శి గారికి. ఇది మన జిల్లాకి అలవాటు పడిన జాతి. కరువు పగడం అంటారు. నెల దినాలు చుక్క నీళ్ళు తగలకూడదు. తగిలితే చస్తుంది, పూచీ మాది కాదు." కొమ్మను పట్టుగుడ్డలో చుట్టి, చీర పెట్టెలో పెట్టి, హిందూపురం బస్సు కండక్టరు చేతికిచ్చినాడు.

సాయంత్రం అదే బస్సు తిరిగొచ్చి దివాకర్ పెట్టె దించింది. థర్మాకోలు, రెండు కవర్లు, రాయి, దారం, రాసింది రాసినట్టే ఉండాయి. దివాకర్ లారీలు మద్రాసుకు నూనె తీసకపోయి, వచ్చేటప్పుడు డబ్బాలతో సముద్రపు నీళ్ళు తెస్తాయి. ఆ నీళ్ళలో వేలెడంత కొమ్మ. మట్టిరంగు. ఒళ్ళంతా సన్న సన్న నోర్లు తెరుస్తా, మూస్తా ఉండాది.

శ్రీరంగప్ప చాలాసేపు చూసినాడు.

"మోసం చేసినాడే. పగడమంటే ఎర్రగా ఉండాల కదా. ఇది చింతపండు పిసికినట్ల ఉండాది."

"కదలతాండాది చూడయ్యా" అనింది నాగలక్ష్మమ్మ. "ఇది బతికుండాది."

"బతికుంటే సరిపోతాదా? రేపు ఆదివారం పెద్దమనుషులు చూడ్డానికొస్తాండారు. మన దాని పక్కన పెడితే ఇదే చచ్చిందంటారు."

తిప్పయ్యకు కబురు పోయింది. వచ్చి, కవరు వెలుతురుకు పెట్టి చూసి, మెల్లగా కింద పెట్టినాడు.

"దీనికి ప్రాణముండాదప్పా. మన రంగు పట్టాలంటే నీళ్ళు బాగా మరగాల."

శ్రీరంగప్ప పడసాలలో అటూ ఇటూ రెండుసార్లు తిరిగినాడు. అధ్యక్షుడన్నాక ఒక నిర్ణయం తీసుకోవాల్సిందే.

"మరగనీ" అన్నాడు.

సోమవారం హిందూపురానికి జాబు పోయింది.

"కార్యదర్శి గారికి. మీ కొమ్మ క్షేమంగా చేరింది. మీ ఇంట్లో ఎట్ల పెంచినారో గానీ, పాపం, కళాకాంతీ లేకుండా వచ్చింది. మా నీళ్ళు బాగా పడినాయి. ఒక్క రోజులోనే రంగు తిరిగింది. ఇట్లు, అధ్యక్షుడు."